రసికురాలు వింటున్నప్పుడు

'రసికుడు' అన్న మాట తెలుగులో ఒక బిరుదు లాంటిది. ఫలానా ఆయన గొప్ప రసికుడండీ అన్నామంటే, ఆయనింట్లో అలమార నిండా పాత కచేరీలున్నాయని, ఏ విద్వాంసుడు ఏ రాగాన్ని ఎప్పుడు ఎలా పాడాడో నిద్రలేపి అడిగినా చెబుతాడని అర్థం. ఆ మాటనే ఒక ఆడమనిషికి తగిలించి చూడండి. 'ఆవిడ మంచి రసికురాలండీ' అనగానే విన్నవాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. కొందరు నవ్వు దాచుకుంటారు. లింగం మారగానే మాట కచేరీ హాల్లోంచి పడకగదిలోకి జారిపోతుంది. పాడే స్త్రీకి మన భాషలో బిరుదులకు కొదవ లేదు. గానకోకిల అంటాం, విదుషీమణి అంటాం. వినే స్త్రీకి, విని ఇది బావుంది ఇది బాగా లేదు అని తీర్పు చెప్పే స్త్రీకి గౌరవంగా చెప్పుకునే పేరు లేదు.

నాకు ఆ మాట కావాలి. ఎందుకంటే పదకొండేళ్ళుగా మేం నలుగురం ఆడవాళ్ళం హైదరాబాదులో నెలకో ఆదివారం మధ్యాహ్నం కలిసి చేస్తున్న పని అదే. నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఒకామె ఇంగ్లీషు సాహిత్యం చెబుతుంది. ఇంకొకామె బాంకు ఉద్యోగం అయిపోయాక, పెళ్ళితో ఆగిపోయిన వీణ మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగో ఆవిడ మాకందరికీ పిన్నిగారు, డెబ్బై ఎనిమిదేళ్ళు. ఒక్కొక్కరం ఒక్క రికార్డింగు తేవాలి. వీలైతే ఒకే పాట రెండు గొంతుల్లో. కాపీ చేసిన తొంభై నిమిషాల కేసెట్లు, పాత సీడీలు, పెన్‌డ్రైవులు, ఇప్పుడు ఫోన్లలో దాచుకున్న ఫైళ్ళు - మా సంచుల్లో అన్ని కాలాలూ కలిసే ఉంటాయి. విన్నాక పోట్లాడుకుంటాం. ఆ పోట్లాటల్లో తేలిన సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

మగ రసికుల గోష్ఠుల్లో నేనూ చాలాసార్లు కూర్చున్నాను. వాళ్ళ దగ్గర నేర్చుకున్నదాన్ని తక్కువ చెయ్యను. శ్రుతి ఎంతో, మృదంగం ఎవరో, ఆ సంగతి ఏ గురువు బాణీయో అడిగిందే తడవుగా చెప్పగలిగిన వాళ్ళు. కానీ వాళ్ళ పోలిక చివరికి ఒక్క చోటికే చేరుతుంది: ఎవరు గొప్ప? రికార్డింగులు అక్కడ పందెం కోళ్ళు. పాడుతున్నది స్త్రీ అయినప్పుడు ఇంకో రెండు మాటలు కలుస్తాయి. 'ఆడగొంతుకి అది చాలా ఎక్కువ', లేకపోతే 'మగవాళ్ళకి దీటుగా పాడింది'. ఈమె ఎవరి కోసం పాడుతోంది, ఈ ప్లేటు మీద ఈమె పేరు ఇలా ఎందుకుంది, ఈ పాటలో ఏ చరణం వదిలేసింది - ఇవి అక్కడ సంగీతానికి బయటి ప్రశ్నలు. మాకు అవే లోపలి ప్రశ్నలయ్యాయి.

వేగం సంగతి చూడండి. మన దేశంలో గ్రామఫోన్ రికార్డింగు 1902 నవంబరులో కలకత్తాలో మొదలైంది. లండన్ కంపెనీ తరఫున వచ్చిన గైస్‌బర్గ్ మొదట రికార్డు చేసింది నాటకశాలలో ఆడిపాడే ఇద్దరు చిన్నవయసు అమ్మాయిలని, శశిముఖి, ఫణిబాల. వాళ్ళ గొంతుల్ని అతను తన రాతల్లో తీసిపారేశాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే గౌహర్ జాన్ వచ్చింది, ఇక అందరికీ తెలిసిన చరిత్రే. ఆ తొలినాటి ప్లేట్లలో ఆడవాళ్ళ గొంతులు సన్నగా, పిల్లలు కీచుగా పాడినట్టుంటాయని ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. 'అప్పటివాళ్ళు అలాగే పాడేవాళ్ళు, సంస్కారం తర్వాత వచ్చింది' అని రాసినవాళ్ళూ ఉన్నారు. మా వీణ స్నేహితురాలు ఒక ఆదివారం ఒకే పాత ప్లేటు నుంచి ఎక్కించిన రెండు కాపీలు తెచ్చింది. ఒకదానికీ ఇంకోదానికీ శ్రుతి కలవదు. తొలినాటి ప్లేట్లన్నీ నిమిషానికి సరిగ్గా 78 చుట్లతో రికార్డయినవి కావు. కొన్ని డెబ్బైల మొదట్లో ఉంటాయి. 72 చుట్లతో రికార్డయినదాన్ని 78తో తిప్పితే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది, పాట పరిగెడుతుంది, నలభై ఏళ్ళ మనిషి పదిహేనేళ్ళ పిల్లయిపోతుంది. పైగా అప్పుడు మైకు లేదు. ఒక పెద్ద బూరలోకి తల పెట్టి బిగ్గరగా పాడితేనే మైనం మీద గీత పడేది. హెచ్చు శ్రుతి కొంతవరకు ఆ కాలపు అలవాటే, కాదనను. కానీ ఒక తరం గాయనుల మీద వేసిన తీర్పులో యంత్రం వాటా ఎంత, గొంతు వాటా ఎంత అని విడదీసి చూశాకే కదా తీర్పు చెప్పాలి! నెమ్మదిగా తిప్పిన కాపీలో ఆ గొంతుకి ఒళ్ళొచ్చింది. గమకం గమకంలా వినిపించింది.

గౌహర్ జాన్ పాట చివర ఇంగ్లీషులో తన పేరు తానే చెప్పుకుంటుంది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలో కాబట్టి ఎవరిది ఏదో తెలియడానికి కంపెనీ అలా చెప్పించిందని అంటారు. మా ఇంగ్లీషు స్నేహితురాలికి ఆ ప్రకటన మహా ఇష్టం. ఒక తవాయిఫ్ తన పేరుని తానే ప్రపంచానికి చాటడం స్వీయప్రకటన కాక మరేమిటంటుంది. నాకు అంత సంబరం లేదు. అది ఫ్యాక్టరీ సరుకు మీద గుర్తు. అయినా ఆవిడ ఆ మాట అనే తీరులో కంపెనీ అడగని గీర ఒకటుందని మాత్రం ఒప్పుకుంటాను. అది ఎన్నిసార్లు విన్నా పెదవి మీద నవ్వు తెప్పిస్తుంది.

పేర్ల గురించి ఇంకొంచెం. పాత ప్లేట్ల లేబుళ్ళు చదవడం మాకో వ్యసనం. బెంగాల్లో చిత్తరంజన్ దాస్ సోదరి అమలా దాస్ పాడితే లేబులు మీద 'మిస్ దాస్', పక్కన 'అమెచ్యూర్' అని వేశారు. పాట బతుకుతెరువు కాదు అని చెప్పడానికి ఆ ఒక్క మాట. కుటుంబ స్త్రీకీ వృత్తి గాయనికీ మధ్య గోడ అంతంత చిన్న అక్షరాల్లో కట్టారు. మన దక్షిణాదికొస్తే ఇంటిపేరుగా ఊరుంటుంది: సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి, బెంగుళూరు నాగరత్నమ్మ. ఊరి పేరు ముందుండి తండ్రి పేరూ భర్త పేరూ లేకపోతే ఆ స్త్రీ ఎవరో అప్పటివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఇనిషియల్స్ వచ్చాయి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిలో 'ఎం' మదురై, 'ఎస్' షణ్ముఖవడివు, ఆమె తల్లి, వైణికురాలు. ఎం.ఎల్. వసంతకుమారిలో 'ఎల్' లలితాంగి, ఆమె తల్లి, గాయని. డి.కె. పట్టమ్మాళ్‌లో 'కె' తండ్రి కృష్ణస్వామి. మూడు పేర్లూ చూడ్డానికి ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. రెండింటిలో తల్లులు దాక్కున్నారు. ఇది నేను మా విద్యార్థినులకు చెప్పినప్పుడు ఒక పిల్ల వెంటనే తన ఇనిషియల్ మార్చుకోవచ్చా అనడిగింది. మార్చుకోవచ్చో లేదో గానీ అడిగినందుకు నాకు చాలా సంతోషమేసింది.

ఎం.ఎస్. దగ్గర మా నలుగురికీ ఎప్పుడూ కుదరదు. పదేళ్ళ వయసులో 1926లో ఆమె మొదటి ప్లేటు, వెనక తల్లి వీణ. 1930లలో పాడినవి విన్నవాళ్ళకి ఒక చురుకైన, అల్లరి గొంతు తెలుసు. బిర్కాలు జారుడుబల్ల మీద జారినట్టుంటాయి, తాళంతో దోబూచులాడుతుంది. 1963లో సుప్రభాతం ఎల్పీ వచ్చేనాటికి ఆ గొంతు దేశానికి అమ్మ అయింది. మన ఇళ్ళలో తెల్లవారేది ఆ గొంతుతోనే. కాఫీ కలుపుతూ, పిల్లల్ని లేపుతూ విన్న గొంతు. అందుకే దాన్ని విమర్శించబోతే తులసికోటని తన్నినట్టు చూస్తారు. సుబ్బులక్ష్మి, బాలసరస్వతి ఇద్దరూ పడుచువయసులో పైజామాలేసుకుని చేతిలో సిగరెట్లతో సరదాగా దిగిన ఫోటో ఒకటుంది, మీలో చాలామంది చూసే ఉంటారు. నేను వినే ప్రతి పాత ప్లేటులోనూ ఆ ఫోటోలో అమ్మాయిని వెతుకుతుంటాను. మా వీణ స్నేహితురాలు దీన్ని ఒప్పుకోదు. 'అరవై ఏళ్ళ సాధనతో ఆవిడ చేరుకున్న నిశ్చలతని నువ్వు పోగొట్టుకున్న అల్లరిగా లెక్కేస్తున్నావు. ముసలితనంలో మనం మాత్రం అల్లరి చేస్తున్నామా?' అంది. సగం న్యాయం ఉంది. ఆ నిశ్చలతలో ఎంత ఆమె సాధన, ఎంత ఆమె చుట్టూ కట్టిన మర్యాద? 1940లో పెళ్ళి, తర్వాత మీరా సినిమా, తర్వాత సభలు, ఐక్యరాజ్య సమితి - ఈ దారిలో దేవదాసీ కుటుంబపు ఆనవాళ్ళు ఒక్కొక్కటే రాలిపోవడం మాత్రం వాస్తవం. కర్ణాటక సంగీతంలో ఆడగొంతు శరీరం లేనట్టు పాడినప్పుడే అది శాస్త్రీయం అనిపించుకుందని అమాండా వీడ్‌మన్ 2006లో వచ్చిన తన పుస్తకంలో వాదించింది. ఆవిడ వాదాన్ని నేను మొత్తంగా తలకెత్తుకోను గానీ, ఆ మాట చదివాక సుప్రభాతం ఇంతకు ముందులా వినలేకపోయాను.

శరీరం ఉన్న పాట ఎక్కడికి పోయింది మరి?

జవాబు మాకు క్షేత్రయ్య పదాల్లో దొరికింది. పదిహేడో శతాబ్దంలో మువ్వగోపాల ముద్రతో తెలుగులో పుట్టిన పదాలవి. మాట్లాడేది దాదాపు ఎప్పుడూ ఒక స్త్రీ. కోపం, కోరిక, బేరం, వెక్కిరింత, నిట్టూర్పు అన్నీ ఆమెవే. రాసింది మగవాడే అనుకున్నా, మూడు వందల ఏళ్ళు వాటిని నోటినుంచి నోటికి దాటించి, ఎక్కడ ఆగాలో ఎక్కడ ఒరగాలో నిర్ణయించింది స్త్రీలే. పాఠ్యపుస్తకాల్లో క్షేత్రయ్య రెండు పేజీలు. అందులో ఒకటిన్నర పేజీ జీవాత్మ పరమాత్మల మధుర భక్తి. పదాన్ని చదివించేవాళ్ళం తప్ప వినిపించేవాళ్ళం కాదు.

పదం 78 ప్లేటు మీద పట్టదు. ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలు. విలంబంగా నడిచే పదం పల్లవి తీసి అనుపల్లవిలోకి వచ్చేసరికే సూది చివరికొచ్చేస్తుంది. అందుకని ప్లేట్ల కాలంలో చురుగ్గా నడిచే జావళీలకి చోటు దొరికింది, పదానికి అంతగా దొరకలేదు. ఏ స్త్రీ పాట నిలవాలో కొంతవరకు మైనం నిర్ణయించింది. వీణ ధనమ్మాళ్ (1867-1938) పదాలకు పెట్టింది పేరు. మద్రాసు జార్జిటౌన్లో ఆమె ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు జరిగే కచేరీకి పెద్ద పెద్ద విద్వాంసులొచ్చి నోరెత్తకుండా కూర్చునేవారట. 1930లలో ఆమెవి కొన్ని ప్లేట్లొచ్చాయి. అప్పటికి ఆమెకు అరవై దాటాయి, చూపు లేదు. తీగ మీద వేలు, దానికింద సన్నగా ఆమె గొంతు. గది నిండా మనుషులున్నా ఒక్కరికే చెబుతున్నట్టుండే వాయిద్యం అది. మా వీణ స్నేహితురాలు అది విన్న రోజు ఇంటికెళ్ళి వాయించబుద్ధి కాలేదంది, వారం తర్వాత రోజూ గంట ఎక్కువ వాయిస్తున్నానంది.

ధనమ్మాళ్ మనవరాళ్ళు బృంద (1912-1996), ముక్త (1914-2007), బాలసరస్వతి (1918-1984). టేపు వచ్చాకే, రేడియో నిడివి ఇచ్చాకే బృంద ముక్తల పదం మనకి పూర్తిగా దక్కింది. నాదనామక్రియలో 'పయ్యెద' విన్నారా? వినకపోతే ఇవాళే వినండి. రొమ్ము మీద గుడ్డ పేరుతోనే మొదలయ్యే పాట. ఇద్దరక్కచెల్లెళ్ళ గొంతులు తాడు పేనినట్టు కలిసి నడుస్తాయి. ఒకరు వదిలినచోట ఇంకొకరుంటారు. స్వరం నుంచి స్వరానికి దూకరు, పాకుతారు. మొదటిసారి విన్నప్పుడు విసుగొస్తుంది, నేను చెబుతున్నాను. ఇంత నెమ్మదా అనిపిస్తుంది. మూడోసారికి ఆ నెమ్మదే పాటలో అర్థమని తెలుస్తుంది. దూరమైన మనిషిని ఒంటితో గుర్తు చేసుకునే స్త్రీకి తొందరేముంటుంది? ఏడుపు లేదు, బతిమాలడం లేదు, తెర మీద కథానాయికల్లా ఊపిరి ఎగబీల్చడం లేదు. కోరికని సిగ్గు లేకుండా, ప్రదర్శన కూడా లేకుండా చెప్పడం ఎలాగో తొంభైల్లో స్త్రీవాద కవిత్వం దేహం గురించి రాయడానికి తంటాలు పడుతున్న రోజుల్లో మా ఎవరికీ ఈ టేపు తెలియకపోవడం ఎంత నష్టం! ఆ కవిత్వం మీద ఎన్ని రాళ్ళు పడ్డాయో మీకు చెప్పక్కర్లేదు. ఆ రాళ్ళకి జవాబు తెలుగులోనే, సంగీతంలోనే ఉంది.

బృంద దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అరుణా సాయిరాం ఉన్నారు. ఆవిడ పదాల్ని పెద్ద వేదికలకి తెచ్చారు. గొంతు విప్పి, హాలు చివరి వరుసకి చేరేలా పాడతారు. బృంద ముక్తలది గదిలో మాట్లాడే గొంతు, అరుణది సభలో మాట్లాడే గొంతు. మా ఇంగ్లీషు స్నేహితురాలికి సభే నచ్చుతుంది. ఆడవాళ్ళ కోరిక గది దాటి రావాలి కదా అంటుంది. నేను గదివైపు. ఇది ఈ జన్మకి తేలదు.

మా అసలు తగాదా ఉచ్చారణ మీద. తమిళ గాయనుల నోట తెలుగు ఎలా ఉంటుందో తెలిసిందే. పకారం బకారం ఒకటవుతాయి, ఒత్తులు కరుగుతాయి, మాట తుంచకూడని చోట తుంచుతారు. తెలుగు చెప్పినదాన్ని కాబట్టి నా చెవికి అవి ముళ్ళలా తగులుతాయి. మన సభల్లో, పత్రికల్లో ఇది ఎప్పుడూ ఉన్న ఫిర్యాదే: మన వాగ్గేయకారులు, మన భాష, వాళ్ళు పాడి పాడు చేస్తున్నారు. ఒక ఆదివారం ఈ మాట వచ్చినప్పుడు పిన్నిగారు, అప్పటిదాకా జీడిపప్పు పలుకులు ఏరుకుంటున్న మనిషి, తలెత్తి అడిగింది.

'సరే, మాట తప్పు పలికారు. పలకనైనా పలికారు. మనవాళ్ళు ఏం చేశారే?'

ఆ ప్రశ్నకి నేను చదువుకున్న చరిత్రలో జవాబుంది. గోదావరి జిల్లాల్లో కలావంతుల కుటుంబాలు పదాలు, జావళీలు, భామాకలాపం పాడి ఆడినవాళ్ళు. ముమ్మిడివరం, బల్లిపాడు, మురమండ లాంటి ఊళ్ళ పేర్లు ఆ కళతో ముడిపడి ఉన్నాయి. మద్రాసు రాష్ట్రం 1947లో దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ముత్తులక్ష్మీరెడ్డి, మన యామినీ పూర్ణతిలకం లాంటి స్త్రీలు దాని కోసం పనిచేశారు, ఆ కుటుంబాల ఆడపిల్లల బతుకుల్లో ఉన్న హింస వాళ్ళకి తెలుసు. యామినీ పూర్ణతిలకం ఆ ఇళ్ళలో పుట్టిన మనిషే. ఇంకోవైపు మద్రాసు దేవదాసీలు సంఘం పెట్టుకుని తమ కళ, తమ ఆస్తిహక్కు పోతాయని వ్యతిరేకించారు. బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952) వాళ్ళ పక్షాన నిలబడింది. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని 1910లో అచ్చు వేయించి నిషేధం ఎదుర్కొన్న నాగరత్నమ్మని మన స్త్రీవాద సాహిత్య చరిత్ర గుర్తుపెట్టుకుంది. గ్రామఫోన్ ప్లేట్లిచ్చిన నాగరత్నమ్మ, తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించి ఆరాధనలో ఆడవాళ్ళు పాడటానికి పోరాడిన నాగరత్నమ్మ అదే మనిషని మనం వేరే అరలో పెట్టాం. సాహిత్యం ఒక అర, సంగీతం ఒక అర.

ధనమ్మాళ్ కుటుంబానికి మద్రాసు దొరికింది. సభలు, రేడియో, ఆ తర్వాత అమెరికాలో వెస్లియన్ యూనివర్సిటీ దొరికాయి. 1973లో బాలసరస్వతికి, 1976లో బృందకి సంగీత కళానిధి వచ్చాయి. ఆ ఒక్క కుటుంబం నిలబడటం వల్ల పదం నిలబడింది. మన కోస్తాలో అలాంటి నగరం లేదు, అలాంటి అకాడమీ లేదు. విజయవాడ రేడియో వచ్చింది. బాలాంత్రపు రజనీకాంతరావుగారి హయాంలో భక్తిరంజని మనకి గొప్ప గొంతుల్నిచ్చింది. శ్రీరంగం గోపాలరత్నం ఆ గాలిలో పాడిన అన్నమయ్య, ఎంకి పాటలు నా బాల్యమంతా నిండి ఉన్నాయి. ఎంకి కూడా కోరికున్న పిల్లే, కానీ నాయుడుబావకి కట్టుబడ్డ పిల్ల. క్షేత్రయ్య నాయికలు పుట్టిన భాషలో వాళ్ళని తరతరాలుగా పాడుకున్న కలావంతుల గొంతు మాత్రం మా నలుగురి సంచుల్లో ఒక్కటీ లేదు. నటరాజ రామకృష్ణ ఆ స్త్రీల దగ్గరకి వెళ్ళి నాట్యాన్ని నేర్చి వేదికెక్కించారు. డేవేష్ సోనేజీ 2012లో వచ్చిన పుస్తకంలో ఆ ఇళ్ళ స్త్రీలు తలుపులేసుకుని తమలో తాము పాడుకున్న పదాలూ జావళీల గురించి రాశాడు. తలుపులు ఎందుకు వేసుకున్నారో చెప్పనక్కర్లేదు. పిల్లలకి పెళ్ళిళ్ళు కావాలి.

పిన్నిగారి ప్రశ్నకి ఇదంతా నేను జవాబుగా చెప్పాను. ఆవిడ విని, 'బాగా చదివావు' అంది. తర్వాత బృంద ముక్తల టేపులో ఆ మధ్య మేం విన్న ఒక పదాన్ని మెల్లిగా అందుకుంది. పేరు రాయొద్దంది, రాయను. టేపులో ఒక చరణమే ఉంది. పదాలకి మామూలుగా మూడు చరణాలుంటాయి, కచేరీలో ఒకటే పాడటం ఆనవాయితీ. ఈవిడ మిగతా రెండూ పాడింది. విస్సా అప్పారావుగారు పరిష్కరించిన సంపుటం నా దగ్గరుంది. మర్నాడు తీసి చూశాను, అవే చరణాలు, రెండు మూడు మాటలు తేడా. తేడా ఉన్నచోట ఈవిడ పాఠమే సూటిగా ఉంది. గొంతు వణికింది గానీ శ్రుతి తప్పలేదు. ఒకచోట అరనవ్వు నవ్వి కొసని వదిలేసింది. అది బృంద చెయ్యరు. అందులో నాయిక బాధపడటం లేదు, ఆట పట్టిస్తోంది. పుస్తకంలో అదే చరణాన్ని ఎన్నోసార్లు చదివినదాన్ని, అక్కడ హాస్యముందని పుస్తకం చెప్పలేదు.

అప్పుడు చెప్పింది, వాళ్ళ అమ్మమ్మ గురించి. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను, ఊరు మాత్రం దాచమంది. అమ్మమ్మ పాడేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మగవాళ్ళు లేనప్పుడు. అరవైల్లో ఇంట్లోకి స్పూలు టేపు రికార్డరు వచ్చింది, మేనమామ సింగపూర్ నుంచి తెచ్చాడు. పిల్లల చేత పద్యాలు చెప్పించి రికార్డు చేశారు, రేడియోలో హరికథలు రికార్డు చేశారు. 'అమ్మమ్మ పాట ఒక్కటి పట్టుకుంటానని నేనడిగాను. మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. అది ఒకరి చేతిలో పడితే మీ పెళ్ళిళ్ళేం కావాలే అంది. అమ్మమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత నేను వింటుండగా పాడలేదు.'

మేం చాలాసేపు మాట్లాడలేదు. మా ఇంగ్లీషు స్నేహితురాలు, ఆవిడ మనసు మంచిదే, 'పిన్నిగారూ, ఇప్పుడు మీరు మళ్ళీ ఒక్కసారి పాడండి, ఫోన్లో పెట్టుకుందాం' అంది. పిన్నిగారు వద్దంది.

ఇక్కడ నా వృత్తి నన్ను ఒకవైపు లాగుతుంది. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని స్త్రీలు టేపు ముందు కూర్చుని చెప్పకపోతే మనకి ఆ చరిత్ర ఎక్కడిది? గొంతు నమోదు కావడమే న్యాయమని నా తరం నేర్చుకుంది. ఈ పాట రేపు ఈవిడతో పోతుంది. దాన్ని పట్టి దాచడం మన బాధ్యత కాదా? కానీ పోరాట స్త్రీలు చెప్పదలుచుకుని చెప్పారు. ఆ తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది కూడా ఒక కూతురి బతుకు కోసమే. ఇప్పుడు ఆ భయం లేదు కదా అంటే, లేదని నేను ఎలా చెప్పగలను? ఫోన్లో పడ్డ గొంతు ఎవరి చేతిలో ఎలా తిరుగుతుందో, కింద ఎవరేం రాస్తారో మనకి తెలుసు. 'పట్టుకోవడం' అన్న మాట కూడా ఎంత మొరటుగా ఉందో అప్పుడే తోచింది. పోలికకి మేం వాడే కొలతల్లో ఈ రికార్డింగుకి చోటు లేదు. రికార్డింగే లేదు. ఉన్నవాటన్నిటినీ దాని పక్కన పెట్టి వింటున్నామిప్పుడు. బృంద ముక్తల 'పయ్యెద'లో నేను ఇప్పటిదాకా గంభీరమనుకున్న ఒక మలుపు దగ్గర, అక్కడ అరనవ్వు ఉండేదా అని వెతుక్కుంటున్నాను.

పిన్నిగారి దగ్గర ఇంకో ఎనిమిది పదాలు, నాలుగు జావళీలు ఉన్నాయట. రికార్డు చెయ్యొద్దంది గానీ నేర్పనని అనలేదు. వీణ ఆవిడకీ నాకూ వచ్చే నెల నుంచి మంగళవారాలు చెబుతానంది. నా గొంతు అరవై ఐదేళ్ళది, ఏమంత బావుండదని చెబితే, 'పదానికి గొంతెందుకే, ఊపిరుంటే చాలు' అంది. పుస్తకం, పెన్సిలు తెచ్చుకోవచ్చు. ఫోన్లు మాత్రం గుమ్మం దగ్గర పెట్టి రమ్మంది.